పెద్దవాళ్ళ మెదడుకు రక్తం ఎంత ఒత్తిడితో అందుతోంది? ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఈ ప్రాజెక్టు ఒక్క ప్రశ్నతో మొదలైంది. అడిగింది మా అనస్థీషియా మేడం. "డెబ్భై అయిదేళ్ళ పెద్దాయనకు తుంటి ఎముక ఆపరేషన్ నడుస్తోంది. పొద్దున వార్డులో ఆయన బీపీ 160/70. ఇప్పుడు టేబుల్ మీద 100/50. ఈ నిమిషంలో ఆయన మెదడుకు రక్తం ఎంత ఒత్తిడితో అందుతోందో నువ్వు చెప్పగలవా?"

నేను బయోమెడికల్ ఇంజనీర్ని. మందుల సంగతి నాకు తెలియదు గానీ సిగ్నల్స్, సెన్సర్లు నా పనే. అందుకే ఒప్పుకున్నాను.

కాగితం మీద జవాబు ఒక్క లైనే. మీన్ బీపీ (సగటు బీపీ) లోంచి పుర్రె లోపలి ఒత్తిడిని తీసేస్తే మెదడులోకి రక్తాన్ని తోసే ఒత్తిడి వస్తుంది. ఐసీయూ భాషలో మొదటిది మ్యాప్, రెండోది ఐసీపీ, మిగిలేది సీపీపీ. బీపీ 100/50 అంటే మ్యాప్ దాదాపు 67 మిల్లీమీటర్ల పాదరసం. ఐసీపీ 10 అనుకుంటే సీపీపీ 57. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు 60–70 మధ్య ఉంచమని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ పెద్దాయన తలకు దెబ్బేమీ లేదు. అయినా 57 అనే అంకె చూస్తే ఎవరికైనా గుబులే.

చిక్కంతా ఆ 'ఐసీపీ 10 అనుకుంటే' దగ్గరుంది. దాన్ని నేరుగా కొలవాలంటే పుర్రెకు రంధ్రం చేసి లోపలికి గొట్టమో సెన్సరో పంపాలి. స్వీడన్‌లో లుండ్‌బర్గ్ మెదడు గదుల్లోకి సన్నని గొట్టం వేసి ఒత్తిడిని ఆపకుండా రికార్డు చేసి 1960లో ప్రచురించారు. ఇప్పటికీ అన్ని పద్ధతులనూ దానితోనే పోల్చి చూస్తారు. తుంటి విరిగిన మనిషి పుర్రెకు ఎవరూ రంధ్రం చెయ్యరు, చెయ్యకూడదు కూడా. అంటే బయటినుంచే అంచనా కట్టాలి. ఆ అంచనా పెద్దవాళ్ళ విషయంలో ఎంతవరకు నమ్మదగినదో తేల్చడమే ఈ డైరీలో రాసుకుంటున్న పని.

పెద్దవాళ్ళే ఎందుకంటే, మెదడు శరీరం బరువులో రెండు శాతమే అయినా గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం వాడుకుంటుంది. బీపీ కొంచెం అటూఇటూ అయినా రక్తప్రవాహం మారకుండా మెదడు రక్తనాళాలు సర్దుకుంటాయి. 1959లో డెన్మార్క్ శాస్త్రవేత్త లాసెన్ గీసిన గ్రాఫు వైద్య విద్యార్థులందరికీ తెలిసిందే: మ్యాప్ 60 నుంచి 150 వరకు ప్రవాహం సమంగా ఉంటుందని. కానీ ఆ గ్రాఫులోని ఒక్కో చుక్క వేరే వేరే మనుషుల గుంపుల సగటు. ఒకే మనిషి బీపీని పైనుంచి కిందకు దింపి చూసింది కాదు. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళలో ఆ గ్రాఫు మొత్తం కుడివైపుకు, అంటే ఎక్కువ బీపీ వైపుకు, జరుగుతుందని స్ట్రాండ్‌గార్డ్ బృందం 1973లో చూపించింది. పాతికేళ్ళ కుర్రాడికి నిక్షేపంగా సరిపోయే మ్యాప్ 65, ఇరవై ఏళ్ళుగా బీపీ మాత్రలు మింగుతున్న పెద్దాయనకు సరిపోకపోవచ్చు. పుస్తకంలోని హద్దు అందరికీ ఒకటే అని పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. మేడంకీ ఇష్టం లేదు.

జూన్, మూడో వారం

మెదడులో రక్తం వేగాన్ని అల్ట్రాసౌండ్‌తో వినే డాప్లర్ మెషీన్ ఇంకా చేతికి రాలేదు. ఈలోపు ట్రాన్స్‌డ్యూసర్ (బీపీ కొలిచే సెన్సర్) ఎత్తు సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను. చూడటానికి చిన్న విషయం. ప్రాజెక్టులో నాకు బాగా పట్టుదల కలిగించింది ఇదే.

అపార్టుమెంటు ట్యాంకు నీళ్ళు కింది అంతస్తు కుళాయిలో జోరుగా, పై అంతస్తులో సన్నగా వస్తాయి. మనిషి కూర్చున్నప్పుడు గుండె కింది అంతస్తు, మెదడు పై అంతస్తు. కఫ్ కట్టేది గుండె ఎత్తులో ఉన్న చేతికి. అక్కడినుంచి చెవి దాకా ఎంత ఎత్తుంటే అంత ఒత్తిడి దారిలో తగ్గిపోతుంది. లెక్క సులువు: రక్తం స్తంభం ఒక్కో సెంటీమీటరుకు దాదాపు 0.77 మిల్లీమీటర్ల పాదరసం. ఎత్తు తేడా 25 సెంటీమీటర్లు ఉంటే 19 మిల్లీమీటర్లు పోయినట్టే. భుజం ఆపరేషన్‌కు కుర్చీలో కూర్చోబెట్టినట్టు పడుకోబెడతారే, అలాంటప్పుడు చేతి దగ్గర మ్యాప్ 67 ఉంటే చెవి దగ్గర 48 మాత్రమే. చీలమండకు కఫ్ కడితే తేడా ఇంకా పెద్దది.

అందుకే ఐసీయూలో ఆర్టీరియల్ లైన్ (బీపీ కోసం ధమనిలో ఉంచే సన్నని గొట్టం) ట్రాన్స్‌డ్యూసర్‌ను సీపీపీ లెక్క కోసం చెవి ముందున్న చిన్న మృదులాస్థి మొన, ట్రేగస్, దగ్గర సున్నా చెయ్యాలని, అంటే కొలత మొదలయ్యే మట్టాన్ని అక్కడ పెట్టాలని, బ్రిటన్‌లోని న్యూరో అనస్థీషియా, న్యూరోసర్జరీ సంఘాలు 2014లో కలిసి ప్రకటించాయి. మెదడు అడుగున రక్తనాళాలు కలిసే విల్లిస్ వలయం సుమారుగా ఆ ఎత్తులోనే ఉంటుంది. తల 30 డిగ్రీలు పైకెత్తిన మంచం మీద కూడా గుండె దగ్గర సున్నా చేసినదానికి, చెవి దగ్గర సున్నా చేసినదానికి తేడా పది మిల్లీమీటర్లు దాటిపోగలదు. ఒకే రోగికి ఒక షిఫ్టులో 68, ఇంకో షిఫ్టులో 57 రాయడానికి ఈ ఒక్క కారణం చాలు. రోగిలో మార్పేమీ ఉండదు, నర్సుల పనిలో లోపమూ ఉండదు. ఎక్కడ సున్నా చేశారో చార్టులో రాసే గడి లేకపోవడమే లోటు.

మా సాఫ్ట్‌వేర్‌లో అందుకే మొదటి గడి ఇదే పెట్టాను: 'గుండె నుంచి చెవికి ఎత్తు, సెంటీమీటర్లలో'. అది నింపకుండా ముందుకు వెళ్ళనివ్వదు. టెక్నీషియన్ అన్న "ప్రతిసారీ టేపు పట్టుకోవాలా సార్?" అని అడిగాడు. అవును, ప్రతిసారీ. నడుము వంగిపోయిన పెద్దవాళ్ళకు అంచనాలు పనికిరావు. కూర్చోబెట్టాక గూని వల్ల ఎత్తు చాలా తక్కువ వస్తుంది.

జులై, మొదటి వారం

డాప్లర్ వచ్చింది. 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్, తలకు బిగించే ఫ్రేము.

పుర్రెలోంచి అల్ట్రాసౌండ్ పోదని చాలాకాలం అనుకునేవాళ్ళు. కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, తక్కువ ఫ్రీక్వెన్సీతో అక్కడినుంచి లోపలి రక్తనాళాల్లో రక్తం వేగాన్ని వినవచ్చని రూనే ఆస్లిడ్ బృందం 1982లో చూపించింది. మనం వినేది ముఖ్యంగా మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ. మెదడు సగభాగానికి రక్తంలో పెద్ద వాటా పంచే నాళం అదే. కణత మీదనుంచి 45 నుంచి 65 మిల్లీమీటర్ల లోతులో దొరుకుతుంది.

పుస్తకంలో ఇంతే. చేత్తో పట్టుకుంటే వేరే సంగతి. చెంప ఎముక కమ్మీకి కాస్త పైన, చెవికి ముందు, జెల్ ధారాళంగా రాసి, లోతు 50 దగ్గర పెట్టి, ప్రోబ్‌ను గోరంత గోరంత తిప్పాలి. దొరికినప్పుడు స్పీకర్లో 'హుష్... హుష్...' మని గుండె లయతో ఊపిరి లాంటి శబ్దం వస్తుంది. కుర్రవాళ్ళలో నిమిషంలో దొరికేస్తుంది. పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, కణత ఎముక మందమై సిగ్నల్ అసలు రాకపోవడం మామూలు. మామూలుగా పది నుంచి ఇరవై శాతం మందిలో శబ్దం లోపలికి పోయే ఈ కిటికీ దొరకదని అంటారు. వయసు పెరిగేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

దీన్ని ఇక్కడే గట్టిగా రాసుకుంటున్నాను. ఏ అంచనా పద్ధతికైనా 'ఇంత శాతం కచ్చితం' అని రాసేటప్పుడు సిగ్నల్ దొరకనివాళ్ళను లెక్కలోంచి తీసేస్తారు. మా గుంపులో అలా తీసెయ్యాల్సి వచ్చేది ఎక్కువగా వయసు మీరిన అమ్మమ్మలే. ఎవరికోసం పరికరం చేస్తున్నామో వాళ్ళే లెక్కలో లేకుండా పోతే ఆ ఫలితానికి అర్థం లేదు. 'సిగ్నల్ రాలేదు' అన్నదాన్ని కూడా ఫలితంగానే భద్రపరచాలని మేడంతో ఒప్పందం చేసుకున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించాం. చదవలేనివాళ్ళకు సాక్షి ఎదుట చదివి వినిపిస్తున్నాం. మొదటి వాలంటీరు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు. పత్రం మొత్తం చదివి, "ఇందులో నాకేమీ లాభం లేదని మీరే రాశారు, మంచిది. కూర్చోబెట్టండి" అన్నారు.

జులై, చివరి వారం

మా దగ్గర రికార్డింగులు పోగయ్యేదాకా, వైద్య సిగ్నళ్ళ రికార్డులు ఉంచే వెబ్‌సైట్ ఫిజియోనెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న డేటా మీద ప్రోగ్రాం కుదురుస్తున్నాను. రెండు సెట్లు పనికొచ్చాయి. ఒకటి చారిస్: తలకు దెబ్బ తగిలిన 13 మంది రోగుల ఈసీజీ, ధమని ఒత్తిడి, ఐసీపీ, సెకనుకు 50 శాంపిళ్ళ చొప్పున. రెండోది బోస్టన్‌లో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళను, రానివాళ్ళను పోల్చుతూ చేసిన అధ్యయనం డేటా. అందులో డాప్లర్ వేగాలు, వేలికి కట్టిన కఫ్‌తో ప్రతి గుండెచప్పుడుకూ బీపీ, ఊపిరిలో కార్బన్ డయాక్సైడు ఉన్నాయి.

మొదటిదాంట్లో నిజమైన ఐసీపీ ఉంది, రక్తం వేగం లేదు. రెండోదాంట్లో వేగం ఉంది, ఐసీపీ లేదు. ఒకే పెద్దవాళ్ళలో రెండూ ఉన్న డేటా బహిరంగంగా నా చేతికి రాలేదు. రావడం కష్టం కూడా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ పుర్రెలో సెన్సరు పెట్టే సందర్భమే ఉండదు కదా. మొత్తం పనిలో అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇదే. ఎంత తెలివైన మెషీన్ లెర్నింగ్ పెట్టినా ఈ ఖాళీ పూడదు. ఎదురుగా సరైన జవాబు లేకుండా మోడల్ నేర్చుకునేదేమిటి?

పైథాన్‌లో ప్రతి గుండెచప్పుడునూ విడదీసి, సిస్టోలిక్ (గుండె కొట్టినప్పటి పై అంకె), డయాస్టోలిక్ (విరామంలోని కింది అంకె), మీన్ (సగటు) తీసే భాగం పూర్తయింది. దగ్గినప్పుడు, తల కదిపినప్పుడు వచ్చే చెత్తను తీసే ఫిల్టర్ కూడా. మీన్ విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాను: డయాస్టోలిక్‌కు పల్స్ ప్రెషర్‌లో (పై, కింది బీపీల తేడాలో) మూడో వంతు కలిపే పాత సూత్రం వాడటం లేదు. బిగుసుకున్న నాళాల్లో తరంగం ఆకారమే మారిపోతుంది కాబట్టి తరంగం కింది వైశాల్యం నుంచే నిజమైన సగటు తీస్తున్నాను. కఫ్ మాత్రమే ఉన్నప్పుడు మెషీన్ చూపించే మీన్‌నే తీసుకుంటున్నాం. ఆటోమేటిక్ కఫ్ నేరుగా పట్టుకునేది మీన్‌నే. పైనా కిందా అంకెలను అది లోపలి లెక్కతో తయారుచేస్తుంది.

ఆగస్టు, రెండో వారం

అసలు పరీక్ష ఈ వారం.

డాప్లర్ నుంచి సీపీపీ అంచనా కట్టే సూత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది కేంబ్రిడ్జ్‌లో చొస్నికా బృందం 1998లో ఇచ్చింది. మ్యాప్‌ను డయాస్టోలిక్ వేగంతో గుణించి, మీన్ వేగంతో భాగించి, 14 కలపాలి. అంతే. అందంగా ఉంటుంది. పైన వేగం, కింద వేగం ఉండటం వల్ల ప్రోబ్ ఏ కోణంలో పట్టుకున్నామన్నది కొట్టుకుపోతుంది. నాళం వెడల్పు తెలియకపోయినా ఫరవాలేదు. దాని వెనుక ఆలోచన కూడా సరైనదే: పుర్రెలో ఒత్తిడి పెరిగితే ముందుగా దెబ్బతినేది డయాస్టోలిక్ ప్రవాహం. గుండె కొట్టినప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. రెండు చప్పుళ్ళ మధ్య విరామంలోనే ప్రవాహం పడిపోతుంది.

హెడ్మాస్టారి అంకెలు: చెవి ఎత్తుకు సరిచేశాక మ్యాప్ 100. వేగాలు సెకనుకు సెంటీమీటర్లలో సిస్టోలిక్ 80, డయాస్టోలిక్ 20, మీన్ 40. సూత్రంలో వేస్తే 100ను 20తో గుణించి, 40తో భాగించి, 14 కలిపితే 64. అంటే సూత్రం ప్రకారం ఆయన ఐసీపీ 36.

22 దాటితే చికిత్స మొదలుపెట్టమని తలదెబ్బల మార్గదర్శకం చెబుతుంది. 36 ఉన్న మనిషికి తలనొప్పి, వాంతులు, మగత ఉండాలి. మాస్టారు నా ఎదురుగా కుర్చీలో పడుకున్నట్టు కూర్చుని, మనవడి ఎంసెట్ ర్యాంకు గురించి చెబుతూ టీ తాగుతున్నారు. పుర్రెలో ఒత్తిడి పెరిగితే కంటి వెనుక నరం వాస్తుంది కాబట్టి, అది కూడా చూపించుకు రమ్మని మేడం ఆయన్ని పంపారు. ఎక్కడా వాపు లేదు.

సూత్రం ఇలా ఎందుకు చెప్పిందో తరంగాన్ని చూస్తేనే తెలుస్తుంది. వయసుతో బృహద్ధమని, మెడ ధమనులు బిగుసుకుంటాయి. సాగే గుణం ఉన్న నాళం గుండె కొట్టినప్పుడు కొంత రక్తాన్ని తనలో ఆపుకుని, విరామంలో మెల్లగా వదులుతుంది. బిగుసుకున్న నాళానికి ఆ నిల్వ లేదు. అందుకే పైన బీపీ 160కి ఎగబాకుతుంది, కింద 70కి దిగుతుంది. మెదడులో వేగం కూడా అలాగే పైకి కిందకి ఊగుతుంది. ఈ ఊపును కొలిచే గాస్లింగ్ పల్సటిలిటీ ఇండెక్స్, అంటే సిస్టోలిక్‌లోంచి డయాస్టోలిక్ తీసేసి మీన్‌తో భాగించినది, మాస్టారికి 1.5. పుర్రెలో ఒత్తిడి పెరిగినా ఈ ఇండెక్స్ పెరుగుతుంది, నాళాలు బిగిసినా పెరుగుతుంది. సూత్రానికి ఆ రెండిటి తేడా తెలియదు. దానికి తెలిసినది తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీదున్న రోగుల ప్రపంచం. ఆ '14' కూడా అక్కడినుంచే వచ్చింది.

సూత్రం చెడ్డదని నేను అనను. అది పుట్టిన చోట దాని పని అది చేస్తోంది. దాన్ని తెచ్చి ఆపరేషన్ టేబుల్ మీది డెబ్భై అయిదేళ్ళ మనిషి మానిటర్‌లో పెట్టి, '64' అని పెద్ద అక్షరాలతో చూపిస్తే మాత్రం అది ప్రమాదం. ఆ అంకెను చూసి ఎవరైనా కంగారుపడి అక్కర్లేని స్కాన్ చేయించవచ్చు. బీపీ పెంచే మందు ఎక్కించవచ్చు. దానివల్ల బలహీనమైన గుండె మీద భారం పడవచ్చు.

ఆగస్టు, చివర

ఇంకో దారి: క్లోజింగ్ ప్రెషర్, అంటే మూత ఒత్తిడి. రక్తపు ఒత్తిడి ఒక మట్టానికి దిగితే చిన్న నాళాలు మూసుకుని ప్రవాహం ఆగిపోతుందని బర్టన్ 1951లో ప్రతిపాదించారు. ఆ మట్టం పుర్రె ఒత్తిడి, నాళం గోడ బిగువు రెండూ కలిసినది. మెదడుకు నిజంగా దక్కే ఒత్తిడి మ్యాప్‌కు, ఈ మూత ఒత్తిడికి మధ్య ఉన్న తేడా అని ఒక వాదం. నాకు ఇది న్యాయంగా అనిపిస్తోంది. గోడ బిగువును ఈ లెక్క లోపలికి తీసుకుంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు ఇదే దగ్గర.

కొలవడానికి రెండు పద్ధతులు ప్రయత్నించాను. ఒక్కో గుండెచప్పుడులో ఒత్తిడిని అడ్డంగా, వేగాన్ని నిలువుగా గీసి, ఆ గీతను వేగం సున్నా అయ్యేదాకా పొడిగించడం మొదటిది. ఇది మా దగ్గర నిలబడలేదు. వేలి దగ్గరికి తరంగం చేరేది మెదడుకు చేరాక కొంత ఆలస్యంగా. ఆ ఆలస్యం కొంచెం తప్పుగా సర్దినా గీత ఉంగరంలా విచ్చుకుని, జవాబు ఇష్టం వచ్చినట్టు మారిపోతుంది. రెండోది ఆస్లిడ్ దారి: రెండు తరంగాల్లోనూ గుండె లయతో సరిపోయే మూల అలను, అంటే మొదటి హార్మోనిక్‌ను ఫూరియే లెక్కతో తీసి, వాటి ఎత్తులు మాత్రమే వాడటం. ఎత్తుకు ఆలస్యంతో పని లేదు. మాస్టారికి ఒత్తిడి హార్మోనిక్ 36, వేగం హార్మోనిక్ 24. నిష్పత్తి 1.5. దాన్ని మీన్ వేగం 40తో గుణిస్తే 60. మ్యాప్ 100 లోంచి 60 తీస్తే మూత ఒత్తిడి 40, మెదడుకు దక్కేది 60.

మొదటి సూత్రం 64 అంది, ఇది 60 అంది. అంకెలు దగ్గరగా ఉన్నాయని సంతోషపడకూడదు. రెండూ చెబుతున్నది వేర్వేరు సంగతులు. మొదటిది పుర్రె లోపల ఒత్తిడి ఎక్కువైందని నిందిస్తోంది. రెండోది పుర్రె, గోడ కలిసి 40 దగ్గర నిలబడ్డాయని మాత్రమే చెబుతోంది. అందులో ఏది ఎంతో విడదీయనని ముందే ఒప్పుకుంటోంది. నేను రెండోదాని వైపు.

వేలి కఫ్ మీద ఒక మాట. చెక్ శాస్త్రవేత్త పెన్యాజ్ 1973లో చూపిన పద్ధతి మీద నడిచే పరికరం ఇది. వేలిలో రక్తం పరిమాణం మారకుండా కఫ్ గాలిని క్షణక్షణం మారుస్తూ, ఆ గాలి ఒత్తిడినే బీపీగా చదువుతుంది. తరంగం ఆకారం వేలి దగ్గర కొంత సాగుతుంది. చేతులు చల్లబడితే అసలు చదవదు. ఏసీ గదిలో పెద్దవాళ్ళ వేళ్ళు ఇట్టే చల్లబడతాయి. అందుకే గోరువెచ్చని నీళ్ళ సంచి ఒకటి కొనిపెట్టాం. ఆర్టీరియల్ లైన్ ఉన్నవాళ్ళలో దాన్నే వాడుతున్నాం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళ సంగతి విడిగా చూడాలి. గుండె లయ తప్పినప్పుడు ఒక విరామం పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు విరామం తర్వాత డయాస్టోలిక్ వేగం కిందకు దిగిపోయి, ఆ ఒక్క చప్పుడుకు సూత్రాలన్నీ భయపెట్టే అంకెలిస్తాయి. హార్మోనిక్ లెక్క కూడా స్థిరమైన లయ ఉందనుకుని నడిచేదే. వాళ్ళను వదిలెయ్యడానికి వీల్లేదు, పెద్దవాళ్ళలో ఈ జబ్బు అంత మామూలు. ప్రస్తుతానికి నిమిషంపాటు సగటు తీసి, తెర మీద 'లయ స్థిరంగా లేదు' అని ఎర్రగా చూపిస్తున్నాం.

సెప్టెంబరు, రెండో వారం

కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టే పరీక్ష. ఇంత సులువైన పరీక్ష ఇంత చెబుతుందని నేను ఊహించలేదు.

నిలబడగానే సుమారు అరలీటరు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. బీపీ పది సెకన్లలో అడుగుకు చేరి మళ్ళీ లేస్తుంది. మూడు నిమిషాల్లోపు సిస్టోలిక్ 20 గానీ డయాస్టోలిక్ 10 గానీ తగ్గి అలాగే ఉంటే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పొద్దున్నే బాత్రూముకు వెళ్ళబోయి పడిపోవడాలు చాలావరకు ఇక్కడివే. పడిపోతే పెద్దవాళ్ళ పుర్రెలో ఇంకో ప్రమాదం ఉంది. మెదడు కొంచెం కుంచించుకుని ఉండటంవల్ల పొరల కింద రక్తం వారాల తరబడి చేరుతున్నా బయటికి ఏమీ కనిపించదు.

మా పరీక్షలో పెద్దవాళ్ళు నిలబడినప్పుడు మీన్ వేగం కంటే డయాస్టోలిక్ వేగమే లోతుగా దిగుతోంది. ఎంత దిగిందన్నదానికంటే ఎంత తొందరగా తిరిగి లేచిందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఈ సర్దుబాటు బాగానే నిలిచి ఉంటుందని బోస్టన్‌లో లిప్సిట్జ్ బృందం 2000లోనే చూపించింది. ముసలితనం అంటేనే మెదడు రక్తప్రవాహం అదుపు తప్పినట్టని తేల్చెయ్యడం తప్పు. మా మాస్టారిది చక్కగా లేచి నిలబడింది. డయాస్టోలిక్ వేగం కిందకు దిగి, ఆయన 'ఏమీ లేదండీ' అనేలోపే మళ్ళీ పాత చోటికి వచ్చేసింది.

ఇక్కడ ఊపిరి జాగ్రత్త. రక్తంలో కార్బన్ డయాక్సైడు ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు తగ్గితే మెదడు రక్తప్రవాహం మూడు నాలుగు శాతం తగ్గుతుంది. ప్రోబ్ బిగించుకుని, వైర్ల మధ్య, తెల్లకోట్ల మధ్య కూర్చున్న పెద్దావిడ కంగారుగా గబగబా ఊపిరి తీస్తే, అయిదు మిల్లీమీటర్లు తగ్గడం ఎంతసేపు? ఆ తగ్గుదలను మనం బీపీ ఖాతాలో రాసేస్తాం. ముక్కు దగ్గర కార్బన్ డయాక్సైడు సెన్సర్ లేకుండా తీసిన రికార్డింగును నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇంకా మేలైన పని, ముందు పదినిమిషాలు మామూలు కబుర్లు. టెక్నీషియన్ అన్నకు ఇది బాగా వచ్చు. "పెద్దమ్మా, మీది ఏ ఊరు?" అంటాడు. ఆ తర్వాత వాళ్ళ ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది.

వార్డులో ఒకావిడ, వాళ్ళ అత్తగారిని తీసుకొచ్చినావిడ, నన్ను అడిగారు: "అయితే బీపీ మాత్రలు తగ్గించమంటారా?" అలా అనవద్దని గట్టిగా చెప్పాను, డాక్టరుగారి దగ్గరికి పంపాను. బీపీని బాగా అదుపులో పెట్టినవాళ్ళకు మెదడు రక్తప్రవాహం తగ్గిపోతుందనే భయం చాలామందిలో ఉంది. స్ప్రింట్ అనే పెద్ద అమెరికన్ ట్రయల్‌లో ఎంఆర్ఐ తీసినవాళ్ళ లెక్కలు 2022లో వచ్చాయి. బీపీని గట్టిగా తగ్గించిన గుంపులో ప్రవాహం తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. నెలల మీద మెల్లగా తగ్గించడం వేరు, ఆపరేషన్ టేబుల్ మీద పావుగంటలో 160 నుంచి 100కు పడటం వేరు. మా ప్రాజెక్టు రెండోదాని గురించే.

అక్టోబరు, మొదటి వారం

మేడంతో కూర్చుని తెర మీద ఏం చూపించాలో తేల్చుకున్నాం. ఇది గంటల చర్చ. నేను ఏ అంకె లెక్కకట్టగలనో చెబుతుంటే, ఆపరేషన్ మధ్యలో తలెత్తి రెండు సెకన్లు చూసే డాక్టరుకు ఏది కావాలో ఆవిడ చెప్పారు.

'సీపీపీ 64' అనే అంకె తెర మీద ఉండదు. ఇది నా తరఫు పట్టు. ఎవరి పుర్రెలోనూ కొలవని సంగతిని మిల్లీమీటరు కచ్చితత్వంతో కొలిచినట్టు చూపించకూడదు. మేడం మొదట ఒప్పుకోలేదు. "అంకె లేకపోతే ఎవరూ చూడరు" అన్నారు. అది కూడా నిజమే. చివరికి కుదిరింది ఇది. పైన చెవి ఎత్తుకు సరిచేసిన మ్యాప్, పెద్ద అక్షరాలతో. అది కొలిచిన అంకె, టేపుతో సరిచూసిన అంకె. దాని కింద డయాస్టోలిక్ వేగం, మెదడుకు దక్కే ఒత్తిడి. ఈ రెండూ మత్తు ఇవ్వకముందు అదే మనిషికి ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసిన విలువలో శాతంగా. మాస్టారి 60 ఎవరి 60తోనూ పోల్చబోం. రేపు ఆయనకు ఆపరేషన్ జరిగితే ఆయన 60 నూరు శాతం. అది ఎంతకు దిగిందో, ఎంతసేపు అక్కడే ఉందో చూస్తాం. సూత్రంలో ఆయన బిగుసుకున్న నాళాలు తెచ్చిపెట్టిన తప్పు మత్తుకు ముందు లెక్కలోనూ ఉంటుంది, తర్వాత లెక్కలోనూ ఉంటుంది. నిష్పత్తి తీస్తే చాలావరకు పోతుంది. పూర్తిగా పోదు. మత్తుమందులు నాళం గోడ బిగువునే మారుస్తాయి. మత్తు వల్ల మెదడుకు కావలసిన రక్తం కూడా తగ్గుతుంది కాబట్టి వేగం కొంత దిగడం సహజం. ఎంతవరకు సహజమన్నది మత్తులో ఉండి బీపీ పడనివాళ్ళ రికార్డింగులు చూస్తేగానీ హద్దు గీయలేం.

మేడం మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నేనిచ్చే జవాబు ఇదీ: మెదడుకు ఎన్ని మిల్లీమీటర్లు అందుతోందో చెప్పలేను. పొద్దున ఆయన మెదడుకు అందినదాంట్లో ఎంత భాగం ఇప్పుడు అందుతోందో, కణత దగ్గర కిటికీ ఉంటే, లయ స్థిరంగా ఉంటే, చెప్పగలను. ఆవిడ "నాకు కావలసింది అదే. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో దానితో తెలుస్తుంది" అన్నారు.

కిటికీ లేనివాళ్ళకు ఏం చెయ్యాలన్నది మిగిలే ఉంది. నుదుటి మీద అతికించే ఆక్సిజన్ సెన్సర్, అంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్‌తో మెదడు ఆక్సిజన్ చూసేది, వాళ్ళకు పక్కదారి కావచ్చు. ఒత్తిడి చెప్పదు గానీ మనిషికి తన సొంత మొదటి విలువతో పోల్చుకునే పద్ధతి దానికీ సరిపోతుంది. వచ్చే వారం మత్తు లేకుండా పడుకోబెట్టి, కూర్చోబెట్టి, లేపి, డాప్లర్, నుదుటి సెన్సర్ రెండూ ఒకేసారి పెట్టిన రికార్డింగులు మొదలుపెడుతున్నాం. కిటికీ ఉన్నవాళ్ళలో రెండూ కలిసి కదులుతున్నాయా లేదా అన్నది ముందు తేలాలి. ఆపరేషన్ థియేటర్‌లోకి పరికరం వెళ్ళేది ఆ తర్వాతే.